మందునకు లొంగని గుండెమంట



రజతోత్సవ శుభసమయమున కడుపుమంటను గూర్చిన ప్రసంగమేమని కొందరికి నవ్వు రావచ్చును. ఇక్కడ ప్రస్తావించునది ఇరుగుపొరుగుల వృద్ధిని జూచి పుట్టు కడుపుమంట కాదు. రాత్రి భోజనము చేసి పడుకొనగానే రొమ్ములో మంట పుట్టి, పుల్లని నీరు గొంతువరకు ఎగదన్ని, లేచి కూర్చుండి తెల్లవార్చువారు ప్రతి గ్రామమునందును కలరు. వారిలో పలువురు ప్రతిదినము బిళ్ళ వేసికొనుచునే యుందురు. అయినను కొందరికి మంట తగ్గదు. ఈ ప్రసంగము అట్టివారి కొరకు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మాధవనిదానమున ఆమ్లపిత్తమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. ఊర్ధ్వగము, అధోగము అని అది రెండు విధములుగా చెప్పబడినది. కడుపులోని పులుపు హైడ్రోక్లోరికామ్లమే యని విలియం ప్రౌట్ అను ఆంగ్ల వైద్యుడు 1824లో ప్రకటించెను. ఆ ఆమ్లమును తగ్గించు సిమెటిడిన్ అను మందు 1976లో ఇంగ్లండునందు వాడుకలోనికి వచ్చెను. దాని సృష్టికి మూలపురుషుడైన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. తరువాత వచ్చిన ఒమిప్రజోల్, పాంటొప్రజోల్ మున్నగునవి మరింత బలమైనవి. వీనివలన కోట్లకొలది జనులు సుఖపడిరి. అయినను పదిమందిలో ముగ్గురు నలుగురికి పూర్తి ఉపశమనము కలుగుట లేదని వైద్యులు చెప్పుచున్నారు.

కారణమేమి? సంగమువారికి ఆనకట్టను గూర్చి వేరొకరు చెప్పనక్కరలేదు. పెన్నపై 19వ శతాబ్దిలో కట్టిన పాత ఆనకట్టయైనను, 2022లో ప్రారంభమైన క్రొత్త బ్యారేజియైనను, నీటిని నిలుపవలసినచోట నిలుపుటకే కదా! అన్నవాహిక కడుపుతో కలియుచోట అట్టి తలుపొకటి కలదు. అది ఒక కండరవలయము. రొమ్మును కడుపును వేరుచేయు ఉదరవితానము దానికి చుట్టును ఆసరాగా నుండును. అన్నము దిగునపుడు తెరచుకొని, దిగిన పిదప మూసికొనుట ఆ తలుపు ధర్మము. అది వేళగాని వేళ సడలినచో కడుపులోనిది పైకి వచ్చును. బిళ్ళ పులుపును తగ్గించును గాని తలుపును బిగింపదు. నీటి రుచి మారినంత మాత్రమున తూము మూసికొనదు గదా!

కావున మంట తగ్గనపుడు బిళ్ళలను రెట్టింపు చేయుటకు ముందు, ఎందుకు తగ్గలేదని విచారింపవలెను.

మొదట వేళను చూడవలెను. కడుపు గోడలోని కణములందు ఆమ్లమును తోడిపోయు సూక్ష్మయంత్రములు కలవు. ఆహారము వచ్చినపుడే అవి పనికి దిగును. పనికి దిగిన యంత్రమునే మందు ఆపగలదు. రక్తములో మందు కొన్ని గంటలకు మించి నిలువదు. అందుచేత భోజనమునకు అరగంట మొదలు గంట ముందుగా దానిని వేసికొనవలెను. తిన్న పిదపనో, మంట పుట్టిన నాడు మాత్రమో వేసికొన్నచో ఫలము తగ్గును. పూర్తి ఫలము కనబడుటకు కొన్ని దినములు పట్టును.

పిమ్మట అలవాట్లు. నెల్లూరు చేపల పులుసును జన్మాంతము మానుమని ఆజ్ఞాపించుట తేలిక, పాటించుట కష్టము. అందరికిని అది అవసరము కాదు. ఏది తిన్ననాడు మంట కలుగుచున్నదో నెలదినములు వ్రాసికొన్నచో తనకు పడని పదార్థమేదో తనకే తెలియును. మధ్యాహ్నము మితముగా తిన్న పులుసు వేరు. పొలమునుండి ప్రొద్దుపోయి వచ్చి, కడుపునిండ తిని, వెంటనే నడుము వాల్చుట వేరు. భోజనమునకును నిద్రకును మూడు గంటల యెడముండవలెను. మంచపు తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలుంచి అరడుగు ఎత్తు చేయవలెను. తలగడలు పెంచినచో నడుము వంగి పొట్ట నొక్కుకొనునే గాని ప్రయోజనము లేదు. ఎడమప్రక్కకు తిరిగి పడుకొన్నచో కడుపు అన్నవాహికకంటె క్రిందుగా నుండును. స్థూలకాయులు బరువు తగ్గవలెను. చుట్ట, బీడీ, మద్యము తలుపును సడలించును. నడుమునకు బిగుతుగా కట్టిన బొందు కూడ పొట్టను నొక్కును. పొట్ట కదలునట్లు శ్వాసించు అభ్యాసము ఉదరవితానమునకు బలమిచ్చును. ఆస్ట్రియా వైద్యులు 2012లో ప్రకటించిన చిన్న పరిశోధనలో ఇట్టి అభ్యాసమువలన మేలు కనబడినది.

ఇతర వ్యాధులకు వాడు మందులను కూడ వైద్యునికి చూపవలెను. కీళ్ళనొప్పుల బిళ్ళలు కొన్ని కడుపును గాయపరచును. రక్తపుపోటు మందులలో కొన్ని తలుపును సడలించును. వానిని తమంతట తాము మానరాదు.

ఇంత చేసినను మంట నిలిచియున్నచో పరీక్ష అవసరము. ఎండోస్కోపీలో పుండేదియు కనబడకపోవచ్చును. అపుడు ముక్కుగుండా సన్నని గొట్టమును దింపి, ఒక పగలు ఒక రాత్రి పైకి వచ్చు ద్రవమును కొలుతురు. అన్నవాహిక కండరముల బలమును కొలుచు పరీక్షయు కలదు. ఆమ్లము ఇంకను ఎగయుచున్నదని తేలినచో మందు మార్చుటయో, శస్త్రచికిత్సయో ఆలోచింతురు. కడుపు పైభాగమును అన్నవాహిక చుట్టును చుట్టి తలుపునకు బలమిచ్చు శస్త్రచికిత్సను రుడాల్ఫ్ నిస్సెన్ 1955లో స్విట్జర్లండునందు చేసెను. కొందరిలో తలుపు సడలుటకు మారుగా తెరచుకొననే తెరచుకొనదు. నిలిచిపోయిన అన్నము పులిసి మంట పుట్టించును. అట్టివారికి ఆమ్లపు బిళ్ళ నిష్ప్రయోజనము. వారి చికిత్స వేరు.

మరికొందరిలో ఆమ్లము ఎగయుటయే లేదు, మంట మాత్రము నిజము. అన్నవాహికలోని నాడులు అతిసున్నితమై, అల్పమైన తాకిడినే అగ్నివలె తెలుపుచుండును. వైద్యశాస్త్రము దీనిని వేరొక వ్యాధిగా అంగీకరించినది. నాడులను శాంతపరచు మందులు స్వల్పమోతాదులోను, మనస్సునకు సంబంధించిన చికిత్సయు వైద్యులు దీనికి వాడుచున్నారు. పరీక్షలో ఏమియు లేదు గనుక ఇది భ్రమయని ఇంటివారు కసరుట రోగికి రెండవ వ్యాధియగును. నిద్రలేని కోడలికిగాని, పనికి పోలేని కూలికిగాని మొదట కావలసినది తన మాట నమ్మువారు.

ఒక హెచ్చరిక మరువరాదు. రొమ్ములో బరువు, చెమట, ఆయాసము, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి కలిగినపుడు గ్యాసని సోడా త్రాగి కూర్చుండరాదు. అది గుండెపోటు కావచ్చును. వెంటనే 108కి కబురు చేయవలెను. మింగుటకు కష్టము, కారణములేక బరువు తగ్గుట, రక్తపు వాంతి, నల్లని విరేచనము కనబడినచో ఆలస్యము చేయరాదు. చిరకాలము వాడిన బిళ్ళను ఒక్కసారిగా మానినచో మంట కొన్నాళ్ళు ఇనుమడింపవచ్చును గనుక, వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుకొనవలెను.

ఈ వ్యాధి పలువురిలో పూర్తిగా పోదు, అదుపులో నుండును. దానితో కాపురము చేయవలసినవారు బిళ్ళ పేరుతోపాటు దాని పనియు, దాని హద్దును తెలిసికొనవలెను. అట్టి తెలివిని పల్లె ముంగిటికి తెచ్చుటకే గ్రంథాలయము లేర్పడినవి. ఈ గ్రంథాలయము ఆ పనిని మరిన్ని యేండ్లు చేయుచు వర్ధిల్లుగాక!

స్వస్తి.