వ్యయము లేని వ్యాయామము



కాళిదాసుని శాకుంతలమున ద్వితీయాంకము చదివినవారికి ఒక వినోదము జ్ఞప్తియందుండును. దుష్యంతుని వెంట వేటకు తిరిగిన విదూషకుడు కీళ్లు పట్టుకొనిపోయినవని మొరపెట్టుకొనును. సేనాపతియో, వేటవలన క్రొవ్వు కరగి నడుము సన్నబడునని, దేహము తేలికయగునని ప్రశంసించును. వేట ఒక్కటే, ఒకనికి ఆరోగ్యము, మఱియొకనికి ఆయాసము. అయితే ఆ వేటకు గుఱ్ఱములు, భటులు కావలెను. రాజుగారి వ్యాయామమును ఖజానా భరించును. సామాన్య సంసారి ఆ ఫలమునే కాసు ఖర్చు లేక పొందుటెట్లన్నది ఇచ్చట విచార్యము.

పూర్వము ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఏతము త్రొక్కినవానికి, బావినీరు చేదినవారికి, రోకలిపోటు వేసిన ఇల్లాలికి వేఱు సాధన యెందులకు? నేడు మీట నొక్కిన మోటారు నీరు తోడును, ట్రాక్టరు దున్నును, మర వడ్లు దంచును, పొలమునకు పోవుటయు మోటారు సైకిలుపైననే. శ్రమ తగ్గుట మంచిదే. దానిని నిందించుట తగదు, అందులోను జన్మమున రోకలి పట్టని పురుషులు నిందించుట బొత్తిగా తగదు. కాని పని తగ్గినను పళ్లెములోని అన్నము తగ్గలేదు. ఒకప్పుడు పట్టణపు జబ్బని యెంచబడిన మధుమేహము నేడు పల్లెలలోను వేళ్లూనినది. నెలనెలా మందులకగు ఖర్చును లెక్కించి చూచినగాని నడకయొక్క విలువ బోధపడదు.

ఎంత శ్రమ చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము పెద్దవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమయు, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు పనియు ఉండవలెను. అనగా దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు వడిగా నడచినచో నడక పద్దు కనీసము చెల్లును. మధ్యరకమనగా, మాటలాడుటకు వీలుండవలెను, పాట పాడుటకు ఊపిరి చాలకుండవలెను. సుశ్రుతుడును ఇట్టి కొలతనే పెట్టెను: తన బలములో సగమే వినియోగింపవలెననియు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గుర్తనియు. ఇందులకు యంత్రమేల? పదివేల అడుగుల మాట సైతము ఏ వైద్యశాస్త్రమునుండియు పుట్టలేదు. 1965లో జపాన్ దేశమున అమ్మకమునకు వచ్చిన అడుగులు లెక్కించు పరికరముయొక్క పేరే అది.

కండబలమునకు దండెములు, బస్కీలు చాలును. వయస్సు మళ్లినవారు గోడకు చేతులానించి దండెములు తీయవచ్చును. కుర్చీనుండి లేచి కూర్చుండుటయే వారికి బస్కీ. సంచిలో పోసిన ఇసుక, బిందెలోని నీరు ఇనుపగుండ్ల పని చేయును. ఉక్కు సంకెళ్లు త్రెంచిన కోడి రామమూర్తినాయుడుగారు 1942లో గతించిరి. ఆ తరమువారి తాలింఖానాలలో మెత్తని మట్టి, కఱ్ఱగదలు, రాతిగుండ్లు తప్ప విశేష సామగ్రి యేమున్నది? 1990లో బీజింగు ఆసియా క్రీడలలో చోటు సంపాదించిన కబడ్డీకి, మన చెడుగుడునకు, నేలపై గీసిన గీతయే పెట్టుబడి.

ఒక్క మాట. పగలంతయు బస్తాలు మోసి, నాట్లు వేసి వచ్చిన కూలివారికి వ్యాయామము బోధించుట అన్యాయము. వారికి కావలసినవి విశ్రాంతియు, అన్నములోనికి పప్పును. ఈ ప్రసంగము అంగడిలో, అరుగుపైన, లెక్కల పుస్తకము ముందు కూర్చుండువారికి. గుండెజబ్బున్నవారు వైద్యుని అడిగియే మొదలిడవలెను. ఇన్సులిన్ సూది వేసుకొనువారు నడకకు పోవునపుడు బెల్లపుముక్క వెంట నుంచుకొనవలెను.

ఇక ధనము అక్కఱలేకున్నను స్థలము మాత్రము కావలెను. కలిగినవారు పట్టణమున రుసుము చెల్లించి యంత్రముపై నడచెదరు. లేనివారికి చెఱువుగట్టు, బడి ఆవరణము, ఊరిబయలే వ్యాయామశాలలు. పోరంబోకనగా ఎవరిదియు కాదని కొందఱి వ్యాఖ్యానము. అది సర్కారుది, ఊరివాడుకకై విడిచినది. ఏటేట కంచె ఒక్కొక్క గజము జరిగినకొలది పిల్లల ఆట రోడ్డుమీదికి వచ్చును. గట్టుపై ముండ్లకంప పెరిగి, దీపము లేనిచో, పురుషులు ఎట్లో నడచెదరు. స్త్రీలు ఇంటనే నిలిచిపోవుదురు. కంప కొట్టించుట, నాలుగు దీపములు పెట్టించుట పంచాయతీ పద్దున వ్రాయదగిన ఖర్చులు. బడి తలుపు సాయంకాలము చీకటిపడువఱకు తీసియుంచుటకు ఆ ఖర్చును లేదు.