దేశసంపదయు ప్రభుత్వవ్యయమును



ఈ మహాసభయందు ప్రభుత్వ ధనవ్యయమును గూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్నాదేశించిరి. విషయము శుష్కమని తోచవచ్చును. కాని పాఠశాలకు కప్పును, వైద్యశాలయందు మందును, వృద్ధులకు భృతియు దీనిపైననే ఆధారపడియున్నవి.

దేశము ధనవంతమైనకొలది ప్రభుత్వవ్యయ మెట్లు మారును? జర్మను అర్థశాస్త్రజ్ఞుడగు అడాల్ఫ్ వాగ్నరు (1835–1917) దీనికొక సూత్రము చెప్పెను. పరిశ్రమలు వర్ధిల్లినకొలది ప్రభుత్వవ్యయము జాతీయాదాయముకంటె వేగముగ పెరుగునని దాని సారము. ఆదాయము 100 రూపాయలుండగా 20 వ్యయించు ప్రభుత్వము, ఆదాయము 200 అయినప్పుడు 40 వ్యయించినచో దాని భాగము మారలేదు. 50 వ్యయించినచో వాగ్నరు మాట నిజమైనట్లు. జనులు పల్లెలు విడిచి పట్టణములు చేరిన పిమ్మట, ఉమ్మడికుటుంబము మోసిన భారము ప్రభుత్వముపై బడును. జర్మనీయందు 1883లో రోగులకును, 1884లో ప్రమాదములపాలైన కార్మికులకును, 1889లో వృద్ధులకును బీమాశాసనములు పుట్టుట ఈ కాలముననే.

ఈ పెరుగుదల ఎల్లప్పుడు క్రమముగ నుండదు. పీకాక్, వైజ్‌మన్ అను పండితులు బ్రిటనుదేశపు లెక్కలను శోధించి 1961లో ప్రకటించిన గ్రంథమున, యుద్ధకాలమున పైకెక్కిన వ్యయము శాంతికాలమున పూర్వస్థితికి దిగిరాలేదని చూపిరి. అధికమైన పన్నులకు ప్రజ లలవాటుపడుటయే దీనికి ముఖ్యకారణమని వారి మతము.

అయినను ఈ సూత్రము ప్రకృతినియమము కాదు. ఫ్రాన్సు, సింగపూరు రెండును సంపన్నదేశములే. ఫ్రాన్సునందు ప్రభుత్వవ్యయము జాతీయోత్పత్తిలో సగమును మించును. సింగపూరునందు ఐదవవంతునకు మించుట అరుదు. సింగపూరున 1955నుండి కార్మికులును యజమానులును చెల్లించు భవిష్యనిధి వార్ధక్యభారమును చాలవరకు మోయుచున్నది. కావున సంపద మార్గమును తెఱచునేగాని, ఏ మార్గమున నడువవలయునో నిర్ణయించువారు ప్రజలే.

అసలు ప్రమాదము కలిమికాలమునందే కలదు. వెనిజులా చమురుధర హెచ్చుగనున్నప్పుడు తగినంత నిలువచేయక, అప్పులును చేసెను. 2014లో ధర కూలినతోడనే, ఇతర లోపములును తోడై, ఆహారౌషధములు కఱవై జనులు దేశము విడిచిపోయిరి. చిలీదేశ మట్లు చేయలేదు. రాగిధరల హెచ్చుతగ్గులను పరిగణించి వ్యయమును నిర్ణయించు నియమమును 2001లో నేర్పరచుకొని, మంచికాలమున నిలువచేసిన ధనమును 2009 సంక్షోభమున ప్రజలకై వెచ్చించెను. నార్వే 1990లో చమురునిధిని శాసనముచే స్థాపించి, 2001నుండి ఆ నిధి ఫలమునకు మించి సాధారణముగ వ్యయింపరాదని కట్టడిచేసికొనినది.

రాబడి తాత్కాలికము కావచ్చును. నియమించిన ఉద్యోగము, ప్రకటించిన భృతి శాశ్వతములు. ఒక్క యేటి పంటను నమ్మి ప్రతియేటి ఖర్చును తలకెత్తుకొను గృహస్థునకు కలుగు గతియే రాజ్యమునకును కలుగును. ఆ దినమున మొదట మూతబడునది ధనికుని ద్వారము కాదు, బీదల పాఠశాల.

కావున బొక్కసము నిండినదని వినినప్పుడు రెండు ప్రశ్నలడుగుడని నా విన్నపము: ఈ రాబడి యెన్నాళ్లుండును? ఈ వ్యయము రేపటి శక్తిని పెంచునా? ఈ రెండింటికిని సదుత్తరము లభించినచో, హెచ్చు వ్యయమునకు వెఱవ నక్కఱలేదు.