డిక్షనరీ అని కొడితే ఒకటి, నిఘంటువు అని కొడితే ఇంకొకటి

చింతలపూడి నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశాను. ఇవాళ్టి టాపిక్ పుస్తకాలకి మనం వాడే పేర్లు. బోర్ అనుకోకండి, ఫోన్‌లో ఏదైనా వెతికే ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది.

మా వైపు రైతుని "పుస్తకం ఉందా?" అని అడిగితే పొలం పాసు పుస్తకం తీస్తాడు. అదే పరీక్షలకి చదివేవాళ్లని అడిగితే "గైడా, మెటీరియలా, పీడీఎఫ్ కావాలా?" అంటారు. తప్పేం లేదు, పనిని బట్టి మాట మారుతుంది. కానీ అర్థాలు చెప్పే పుస్తకాల దగ్గర అలా కాదు. పేరు మారితే దొరికే పుస్తకమే మారిపోతుంది.

"తెలుగు డిక్షనరీ" అని వెతికి చూడండి. ఎక్కువగా ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థం చెప్పే యాప్‌లే వస్తాయి. మనలో చాలామందికి డిక్షనరీ అంటే ఇంగ్లీషు కోసం కొన్న పుస్తకమే కదా! తెలుగు మాటకి తెలుగులోనే అర్థం కావాలంటే "నిఘంటువు" అని కొట్టాలి. ఒక వృత్తిలో వాడే మాటలు కావాలంటే "పదకోశం". కోశం అంటే ఖజానా అన్నమాట. ఎన్‌సైక్లోపీడియా లాంటిది కావాలంటే "విజ్ఞాన సర్వస్వం".

ఇంకో చిక్కు ఉంది. మామిడికాయ కింద పడకుండా కోయడానికి గెడ చివర కట్టే వల సంచిని చిక్కం అంటాం. ఎద్దు మూతికి కట్టేది కూడా చిక్కమే. పాత నిఘంటువుల్లో ఈ మాటని "చిక్కము" అని వెతకాలి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, రెండింట్లోనూ ఇలాంటి మాటలు "ము"తోనే ఉంటాయి. ఆంధ్రభారతి సైట్‌లో ఇలాంటివి చాలా ఒకేచోట వెతకొచ్చు. మాట కనిపించకపోతే "తెలుగులో లేదు" అని వదిలేయకండి. చివర "ము" పెట్టి ఇంకోసారి కొట్టండి.

మరి పొలంలో మాటలు ఎవరు రాశారు? భద్రిరాజు కృష్ణమూర్తి గారు. జిల్లా జిల్లాలో రైతులనే అడిగి సేకరించిన మాటలతో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, మొత్తం వ్యవసాయ పదాలే. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. అంటే కోత కూలీ నోట్లో మాట కూడా నిఘంటువుకి ఎక్కాల్సిన మాటే అని ఒప్పుకున్నట్టు.

నేను సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి కాబట్టి ఒకటి చెప్తాను. ఎవరో ఒకరు రాసిపెట్టిన మాటే సెర్చ్‌లో దొరుకుతుంది. రాయని మాట ఫోన్‌కి తెలీదు. మన తోటల్లో పెద్దవాళ్లు వాడే మాటలు వాళ్లతోనే పోతే, తర్వాత ఎంత వెతికినా రావు.

అందుకే ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లని పనికి సంబంధించిన మూడు మాటలు అడగండి. అర్థంతో సహా తెలుగు విక్షనరీలో చేర్చండి, అందులో ఎవరైనా రాయొచ్చు. కుదరకపోతే కింద కామెంట్‌లో అయినా పెట్టండి, ఏ ఊరి మాటో రాయడం మర్చిపోకండి. ఉంటాను మరి!