కలిసి బయలుదేరినవాళ్ళు కలిసి చేరాలి

(ఝపటాపూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 4 నేవీ డే. ఆ సందర్భంగా మనలో ఎనిమిదిమంది మోటారు సైకిళ్ళ మీద విశాఖపట్నం వెళ్ళి, బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర పూలు ఉంచి రావాలని నిర్ణయించుకున్నారు. దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏ సాధనం కొనాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. సిగ్నల్స్‌లో పనిచేశాను కాబట్టి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి నేను ఎంతవరకు తగినవాణ్ణో ముందు మీకు చెప్పాలి.

కిందటి చలికాలం ఏడుగురం ఇక్కడి నుంచి బెల్దా, కాంథి మీదుగా దీఘా బయలుదేరాం. అందరి హెల్మెట్లలోనూ బ్లూటూత్ సెట్లు. ముందు బండి నాది. బెల్దా దాటాక రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. “ఎడమవైపు వడ్లు, నెమ్మది” అని మైకులో చెప్పాను. చెప్పాను కదా, అందరూ విన్నారనుకున్నాను. విన్నది ఇద్దరే. నాలుగో బండి ఆయన రాత్రి చార్జింగ్ పెట్టడం మరిచిపోయారు. ఆయన సెట్టు ఆగిపోవడంతో వెనకున్న ముగ్గురికీ నా మాట అందలేదు. ఆరో బండి జారింది. హవల్దారుగా రిటైరయిన మన సోదరుడికి కాలర్ బోన్ విరిగింది. అతను లేడని నాకు తెలిసేసరికి పదకొండు నిమిషాలయింది. గంటకు 65 కి.మీ. వేగమంటే అప్పటికి పన్నెండు కిలోమీటర్లు ముందుకు పోయాను.

తప్పు సెట్టుది కాదు. బయలుదేరేముందు రేడియో చెక్ చెయ్యలేదు. మాట పంపి, జవాబు వచ్చిందా లేదా అని చూడలేదు. సర్వీసులో కొత్తగా వచ్చిన కుర్రాడు ఈ పని చేసివుంటే నేనే శిక్ష వేసేవాణ్ణి. కాబట్టి ఈ రోజు చెప్పేది ఉపన్యాసం అనుకోకండి, నా లెక్క అప్పజెప్పుకోవడం అనుకోండి.

ముందు దూరం సంగతి. సెట్టు కొనేటప్పుడు అందరూ మొట్టమొదట అడిగేది రేంజి ఎంత అని. మన ఖరగ్‌పూర్ వాళ్ళకి దూరం కొలవడానికి మంచి కొలబద్ద ఉంది, మన ప్లాట్‌ఫారం. 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి మనల్ని దాటిపోయాయనుకోండి, అయినా కొలతకు మనదే వాడుకుందాం. మంచి మెష్ సెట్టు పెట్టె మీద ఒక బండి నుంచి ఇంకో బండికి 1.6 కి.మీ. అని రాసి ఉంటుంది, అంటే ఒకటిన్నర ప్లాట్‌ఫారం. అది అడ్డం లేని మైదానంలో, ఎదురెదురుగా కనిపిస్తున్నప్పటి మాట. మధ్యలో లారీ, మలుపు, చెట్లు, ఇళ్ళు వస్తే అందులో సగం దక్కినా అదృష్టమే.

ఇప్పుడు మన వరస ఎంత పొడుగు ఉంటుందో చూడండి. గంటకు 80 కి.మీ. వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండికి రెండు సెకన్ల దూరం పాటిస్తే 44 మీటర్లు. ఎనిమిది బండ్ల మధ్య ఏడు ఖాళీలు, మొత్తం 308 మీటర్లు. ప్లాట్‌ఫారంలో మూడోవంతు కూడా లేదు. ఈ లెక్కన ఏ సెట్టయినా చాలుననిపిస్తుంది. కాని ఒక రైల్వే గేటు దగ్గరో, ఊళ్ళో సంత దగ్గరో వెనకవాళ్ళు ఒక్క నిమిషం ఆగిపోతే, ఆ నిమిషంలో ముందువాళ్ళు 1,330 మీటర్లు పోతారు. నిమిషంన్నర అయితే రెండు కిలోమీటర్లు. అంటే ఎంత ఖరీదైన సెట్టయినా నిమిషంన్నర ఆలస్యాన్ని తట్టుకోలేదు. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే దుకాణంలో ఎవరూ మనల్ని మోసం చెయ్యలేరు.

ఇక దొరికే సాధనాలు. నాలుగు రకాలుగా చెప్తాను.

మొదటిది మామూలు బ్లూటూత్ ఇంటర్‌కమ్. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ధర తక్కువ. ఇద్దరు మాట్లాడుకోవడానికి, వెనక కూర్చున్న ఇల్లాలితో మాట్లాడడానికి చక్కగా సరిపోతుంది. ఎక్కువమంది అయితే గొలుసులాగా కలవాలి. ఒకటి రెండుకి, రెండు మూడుకి. గొలుసులో ఒక కొక్కెం ఊడితే వెనకదంతా విడిపోతుంది. దీఘా దారిలో మాకు జరిగింది అదే. వరస మారినా చిక్కే. జత కలిపిన క్రమంలోనే బండ్లు నడవాలి.

రెండోది మెష్. 2015 నుంచి హెల్మెట్ సెట్లలోకి వచ్చింది. ఇందులో ప్రతి సెట్టూ అందుబాటులో ఉన్న మిగతా సెట్లన్నిటితోనూ కలుస్తుంది. నాలుగోవాడి సెట్టు ఆగిపోతే మాట మూడో సెట్టు నుంచి ఐదో సెట్టుకి తనంతట తానే దారి వెతుక్కుంటుంది. వెనకబడినవాడు మళ్ళీ దగ్గరికి రాగానే, బొత్తాం నొక్కనక్కరలేకుండా కలిసిపోతాడు. వరస ఎలా మారినా ఫరవాలేదు. చిక్కు రెండుచోట్ల ఉంది. ఒకటి ధర. మామూలు సెట్టుకి కొన్ని రెట్లు ఉంటుంది. రెండోది, ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తో మాట్లాడదు. కార్డో వాళ్ళది సేనాతో మెష్‌లో కలవదు. బ్లూటూత్ ద్వారా అతుకు వెయ్యొచ్చు గాని, అతుకు అతుకే. కాబట్టి కొంటే అందరూ ఒకే కంపెనీది కొనాలి. “మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు” అని ఒకరు వేరేది పట్టుకొస్తే ఆయన ఒంటరిగా పాటలు వినాల్సిందే.

మూడోది చేతి వాకీటాకీ. మన దేశంలో 2018 నుంచి 446.0 – 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కరలేదు. దీని అల 67 సెంటీమీటర్లు, బ్లూటూత్ అల పన్నెండున్నర సెంటీమీటర్లు. అందుకని చెట్లూ మలుపులూ ఉన్నచోట ఇది కొంచెం మెరుగ్గా తట్టుకుంటుంది. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మనకి అది అలవాటైన పనే. అయితే చేత్తో పట్టుకుని మాట్లాడుతూ బండి నడపడం ప్రమాదం, నేరం కూడా. 2019లో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా చేర్చారు. హెల్మెట్‌లో మైకు, ఎడమ హ్యాండిల్ దగ్గర బొత్తాం బిగించుకోవాలి. ఇంకో హెచ్చరిక. బజారులో దొరికే ప్రతి వాకీటాకీ లైసెన్సు లేకుండా వాడదగింది కాదు. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకునేవి, ఎక్కువ వాట్లవి అమ్ముతుంటారు. అనుమతి లేని సెట్ల ఆన్‌లైన్ అమ్మకాలు ఎక్కువైపోయి, 2025లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సివచ్చింది. ఫ్రీక్వెన్సీ, పరికరానికి ఆమోదం ఉన్నట్టు రుజువు చూసి కొనండి. పోలీసు ఫ్రీక్వెన్సీలోనో, రైల్వే ఫ్రీక్వెన్సీలోనో మన గొంతు వినిపిస్తే మాజీ సైనికుడనే గౌరవం ఆరోజుతో సరి.

నాలుగోది సెల్‌ఫోన్ గ్రూప్ కాల్. దూరంతో పనిలేదు, విశాఖలో ఒకరు, బాలాసోర్‌లో ఒకరు ఉన్నా మాట్లాడుకోవచ్చు. కాని టవర్ లేనిచోట మూగదే. పైగా మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. “ఆవు అడ్డం వచ్చింది” అన్న మాట ఆవు దాటాక వినిపిస్తే లాభంలేదు. తప్పిపోయినవాణ్ణి వెతకడానికి ఫోను, క్షణంలో హెచ్చరించడానికి రేడియో. దేని పని దానిది.

సెట్టు ఎంచుకునేటప్పుడు ఇంకో మూడు చూడాలి.

చెవి. మనలో తోపుల దగ్గర, విమానాల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడినవాళ్ళున్నారు. సన్నటి శబ్దాలు అందవు. గంటకు 80 కి.మీ. దాటితే హెల్మెట్‌లో గాలి హోరే 90 డెసిబెల్స్ మించుతుంది. స్పీకరు చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అర అంగుళం పక్కకి జరిగినా మాట మసకబారుతుంది. చాలామంది సెట్టు మార్చేస్తారు, స్పీకరు జరిపి చూడరు. ముఖం మూసే హెల్మెట్‌కి గుండీలాంటి మైకు, తెరిచి ఉండే హెల్మెట్‌కి కాడ ఉన్న మైకు. హెల్మెట్ లోపలి స్పాంజి కోసి బిగించవద్దు, అది తలని కాపాడేది.

నీరు. ఈ ప్రాంతపు వాన సంగతి మీకు తెలుసు. ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం.

బ్యాటరీ. కొత్తలో పది పన్నెండు గంటలంటారు, పాతబడేకొద్దీ తగ్గుతుంది. మొదటిరోజు భువనేశ్వర్ దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యాహ్నం భోజనం దగ్గర అందరూ చార్జింగ్ పెట్టాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ సెట్లలో మాట్లాడేది బహిరంగం. మెష్‌లో అందరికీ తెరిచిన చానెల్ ఉంటుంది, అదే రకం సెట్టున్న ఎవరైనా వినగలరు. వాకీటాకీ సంగతి చెప్పనే అక్కరలేదు. కలాయికుండా, సలువా పక్కనుంచి పోతూ యూనిట్ల కబుర్లు, పోస్టింగుల కబుర్లు వద్దు. స్టేషను గేటు దగ్గర సెట్టు ఆపేసి, అక్కడి నియమం ఏదైతే అది పాటించండి. కబుర్లు టీకొట్టు దగ్గర చెప్పుకుందాం.

ఇక నా సలహా. ఎనిమిదిమందీ కొనగలిగితే ఒకే కంపెనీ మెష్ సెట్లు కొనండి. పెన్షన్ మీద బతికేవాళ్ళం, అందరికీ కుదరకపోవచ్చు. ఎవరికీ చిన్నతనం కలగకూడదు. అలాంటప్పుడు లైసెన్సు అక్కరలేని వాకీటాకీలు మూడు తీసుకుని, మొదటి బండికి, నడిమి బండికి, చివరి బండికి ఇవ్వండి. మిగతా అయిదుగురూ చేతి సైగలతో నడుస్తారు. నలుగురికి ఖరీదైనవి, నలుగురికి ఏమీ లేకుండా ఉండడం కంటే ఇదే మేలు. చివరి బండి అందరికంటే అనుభవం ఉన్నవాళ్ళకి ఇవ్వండి. దీఘా వెళ్ళినప్పుడు అనుభవమంతా ముందే ఉంది, అదీ నా పొరపాటే.

ఏ సెట్టు కొన్నా సరే, అది పనిచెయ్యని సమయం వస్తుందనుకునే బయలుదేరాలి. 1911లో ఏర్పడిన మన కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో వైర్‌లెస్ ఎంత పెరిగినా, చాలాకాలం మోటారు సైకిల్ మీద ఉత్తరం పట్టుకెళ్ళే డీఆర్‌ని వదులుకోలేదు. తీగ తెగినప్పుడు, గాలిలో చెప్పకూడని మాట ఉన్నప్పుడు డీఆరే దిక్కు. రైల్వేలో చూడండి. లోకో పైలట్ చేతిలో, గార్డు చేతిలో వాకీటాకీలున్నాయి. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నాం. పేరు మారింది గాని ఆకుపచ్చ జెండా పోలేదు. అందుకని మనకీ నాలుగు నియమాలు.

ఒకటి, పొద్దున్న బయలుదేరేముందు, ఆగిన ప్రతిచోటా ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబరు పిలవాలి. ఎనిమిది జవాబులూ వస్తేనే కదలాలి. సెట్టు లేనివాళ్ళు చెయ్యెత్తి చూపాలి.

రెండు, హెచ్చరిక విన్న చివరి బండి “విన్నాను” అని చెప్పాలి. ఆ మాట రాకపోతే ముందు బండి వేగం తగ్గించాలి.

మూడు, ప్రతివాడూ అద్దంలో తన వెనక బండిని చూసుకోవాలి. అది కనిపించకపోతే తను నెమ్మదించాలి. అప్పుడు తన ముందున్నవాడూ నెమ్మదిస్తాడు. ఇలా ఏ రేడియో లేకుండానే కబురు మొదటి బండికి చేరుతుంది. మలుపు దగ్గర వెనకవాడు కనపడేదాకా, రోడ్డు వారగా ఆగి ఉండాలి.

నాలుగు, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోవాలి. జలేశ్వర్, బాలాసోర్, భద్రక్ ఇలా వరసగా ఊళ్ళు. తప్పిపోయినవాడు కంగారుపడి వేగం పెంచకూడదు. అతని కోసం ఎదురుచూసేవాళ్ళున్నారని అతనికి తెలిసుండాలి.

ఈ ప్రసంగం రాసుకున్నాక మొన్న సాయంత్రం మన హవల్దారు ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. ఎముక అతుక్కుంది, చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. మెష్ మంచిదా, వాకీటాకీ మంచిదా అని అడిగాను. అతను అన్న మాటతో ముగిస్తాను.

“సాబ్, ఏ సెట్టు కొన్నా నాకు ఫరవాలేదు. నా నంబరు పిలిచి, నా గొంతు విన్నాకే బండి కదపండి.”

డిసెంబరులో అతనూ వస్తున్నాడు. బండి నడపలేడు కాబట్టి నా వెనక కూర్చుంటాడు. నంబర్లు పిలిచే బాధ్యత అతనికే ఇచ్చాను.

జై హింద్.