గోడకెక్కే బొమ్మకు ఏ ప్రింటరు?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో ఫోటో ప్రింటరు కొనుక్కోవాలా, కొంటే ఎలాంటిది కొనాలి అన్నది ఈనాటి మన విషయం. పిల్లల పాఠాలకూ, రైలు టిక్కెట్లకూ పనికివచ్చే మామూలు ప్రింటరు మాట కాదు నేను చెప్పబోయేది. మీరు వేసిన నీటిరంగుల చిత్రం, అబ్బాయి హంపీలో తీసిన ఫోటో, అమ్మమ్మగారి పెళ్లినాటి నలుపు తెలుపు బొమ్మ - ఇలాంటివాటిని మంచి కాగితంమీద అచ్చువేసుకుని, ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలనే సరదా చాలామందికి ఉంటుంది. అదీ రోజూ కాదు, ఏ పండక్కో, పుట్టినరోజుకో. ఆ "అప్పుడప్పుడూ" అన్న మాటను గట్టిగా గుర్తుంచుకోండి. ప్రింటరు ఎంపికంతా ఆ మాటమీదే ఆధారపడి ఉంది.

ముందుగా లెక్క చూసుకుందాం. యంత్రం పాతికవేల రూపాయలనుకోండి. అయిదేళ్లు పనిచేస్తుందనుకోండి. ఏడాదికి ఇరవై బొమ్మలు తీస్తే అయిదేళ్లకు నూరు బొమ్మలు. అంటే సిరా, కాగితం కొనకముందే ఒక్కో బొమ్మమీద రెండువందల యాభై రూపాయలు పడిందన్నమాట! అదే ఏడాదికి రెండువందలు తీస్తే పాతిక రూపాయలే పడుతుంది. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో కూర్చుని, గడచిన ఏడాదిలో నిజంగా ఎన్ని బొమ్మలు అచ్చు వేయించుకున్నారో రాసుకోండి. ఏడాదికి పది పన్నెండు దాటని వాళ్లకు నా సలహా ఒక్కటే. ప్రింటరు కొనకండి. పట్నాలలో మంచి కాగితంమీద అచ్చువేసి ఇచ్చే లాబులున్నాయి. ఆ డబ్బు పెట్టి రంగులూ కుంచెలూ కొనుక్కోండి. నెలకు రెండు మూడయినా తీస్తామనేవారు, తమ చేత్తో సరిచూసుకుంటూ తీసుకోవడంలోనే ఆనందముందనేవారు ఇకమీద చెప్పేది వినండి.

ప్రింటర్లలో మనకు తారసపడేవి మూడు రకాలు. మొదటిది లేజరు. పొడి సిరాను వేడితో కాగితానికి అంటిస్తుంది. ఉత్తరాలకు దివ్యంగా ఉంటుంది గాని గోడకెక్కే బొమ్మకు పనికిరాదు. రెండోది రంగు రిబ్బనుతో పనిచేసేది. కానన్ వారి సెల్ఫీ ఈ జాతిదే. పసుపు, ఎరుపు, నీలం పొరలు ఒకదానిమీద ఒకటి వేసి, చివర పైన ఒక పారదర్శకమైన పూత వేస్తుంది. నెలల తరబడి మూలపడేసినా ఇందులో ఎండిపోయే సిరా లేదు. కాకపోతే బొమ్మ పోస్టుకార్డంతే వస్తుంది. ఆల్బమ్‌కు చాలు, గోడకు చాలదు. ఇక మూడోది ఇంక్‌జెట్. తలవెంట్రుకకంటే సన్నని రంధ్రాలలోంచి సిరాను చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. మనకు కావలసింది ఇదే.

ఇంక్‌జెట్లో మళ్లీ రెండు సిరాలున్నాయి. మన వంటింటి భాషలో చెబుతాను. గ్లాసెడు నీళ్లలో పంచదార వేసి కలిపితే కరిగిపోతుంది. పసుపు వేసి కలిపితే కరగదు, కాసేపటికి అడుక్కు దిగుతుంది. డై అనే సిరా పంచదార నీళ్లలాంటిది. రంగు కరిగి ఉంటుంది, కాగితంలోకి ఇంకుతుంది, నిగనిగలాడే కాగితంమీద కళ్లు చెదిరేట్లు కనిపిస్తుంది. పిగ్మెంటు సిరా పసుపు నీళ్లలాంటిది. సన్నటి రంగు రేణువులు కాగితం పైభాగాన నిలబడతాయి. నునుపు లేని దళసరి కాగితంమీద నలుపు చిక్కగా వస్తుంది, వెలుతురు తగిలినా తొందరగా వెలవదు.

ఈ వెలవడమనేది చిన్న విషయం కాదండీ. 1991లో అమెరికాలో గ్రాహం నాష్ అనే గాయకుడు, అచ్చాఫీసుల్లో నమూనాలు తీసుకునే ఐరిస్ అనే ఇంక్‌జెట్ యంత్రంతో కళాఖండాలకు ప్రతులు తీసే స్టూడియో పెట్టాడు. అక్కడ పనిచేసిన జాక్ డుగాన్ ఆ ప్రతులకు "జీక్లే" అని పేరు పెట్టాడు. చిమ్మడమనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటనుంచి పుట్టించిన పేరు అది. ఆర్టు గ్యాలరీలలో ఇప్పటికీ ఆ పేరు వినిపిస్తుంది. అచ్చులు అద్భుతంగా వచ్చాయి గాని, ఆనాటి సిరాలు వెలుతురుకు తొందరగా వెలసిపోవడం మొదలుపెట్టాయి. ఆ తరవాతే మన్నే సిరాలకోసం, ముఖ్యంగా పిగ్మెంటు సిరాలకోసం ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. అమ్మమ్మగారి అసలు ఫోటో డెబ్బై ఏళ్లు నిలిచి, మనం తీసిన నకలు నాలుగేళ్లకే పాలిపోతే మనం ఆవిడకు చేసిన మర్యాదేమిటి చెప్పండి?

అలాగని వెంటనే పిగ్మెంటు యంత్రం కొనేయమనను. "అప్పుడప్పుడూ" అన్న మాట అడ్డొచ్చేది ఇక్కడే. ఇంక్‌జెట్‌ను వాడకుండా వదిలేస్తే ఆ సన్నటి రంధ్రాల్లో సిరా ఎండి గట్టిపడుతుంది. ఏ సిరాకైనా ఈ తిప్పలు తప్పవు, పిగ్మెంటుతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బొమ్మలో అడ్డగీతలు పడతాయి. శుభ్రం చేసుకోమని యంత్రానికి చెబితే, అది సిరాను పారబోసుకుంటూ కడుక్కుంటుంది. పైగా ఖరీదైన పిగ్మెంటు యంత్రాల్లో సిరా చిన్న డబ్బీల్లో వస్తుంది. కానన్ ప్రో-300 అనే పది డబ్బీల యంత్రంలో ఒక్కో డబ్బీ 14.4 మిల్లీలీటర్లు. అదే సీసాతో నింపుకునే ట్యాంకు రకంలో, ఎప్సన్ ఎల్-8050లాంటిదానికి, సీసా 70 మిల్లీలీటర్లు. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం మరో ఎత్తు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇక ఎంపికకు వద్దాం. దుకాణాల్లో మోడళ్ల పేర్లు మారుతూనే ఉంటాయి కనుక పేరుకన్నా రకాన్ని గుర్తుపెట్టుకోండి.

ఏ-4 సైజు చాలు, బొమ్మల్లో రంగులవే ఎక్కువ, ఖర్చు మితంగా ఉండాలి అనేవారికి ఆరు రంగుల ట్యాంకు ప్రింటరు సరిపోతుంది. నాలుగు రంగులది వద్దు. ముఖాల మీద, ఆకాశం మీద లేతరంగుల చోట చుక్కలు చుక్కలుగా కనిపించే అవకాశముంది. అయితే అన్ని ఆరు రంగులూ ఒకటి కావు. ఎప్సన్ ఎల్-8050లో అదనపు రెండూ లేత నీలం, లేత ఎరుపు. కానన్ జి-570లో అవి ఎరుపు, బూడిద.

ఈ బూడిదరంగు ఎందుకంటారా? నలుపు తెలుపు ఫోటోలో నలుపూ తెలుపూ తక్కువే, ఉన్నదంతా బూడిదరంగు ఛాయలే. బూడిద సిరా లేని యంత్రం ఆ ఛాయలను రంగులు కలిపి తయారుచేస్తుంది. ఆ కలపడంలో రవ్వంత తేడా వచ్చినా అమ్మమ్మగారి చీర పచ్చగానో, ముఖం గులాబీగానో తిరుగుతుంది. ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా అనిపిస్తుంది. అందుచేత పాత ఫోటోలే మీ ముఖ్య ఉద్దేశమైతే బూడిద సిరా ఉన్నదే అడగండి.

ఏ-3 ప్లస్ సైజు, అంటే దాదాపు 33 సెంటీమీటర్లకు 48 సెంటీమీటర్లు కావాలనేవారికి ఎప్సన్ ఎల్-18050 ట్యాంకు రకం. ఎనిమిది డై సిరాల కానన్ ప్రో-200 డబ్బీల రకం. మీ చిత్రాల ప్రతులు అమ్ముతున్నా, ప్రదర్శనలో పెడుతున్నా అప్పుడు పిగ్మెంటు గురించి ఆలోచించండి. కానన్ ప్రో-300, ఎప్సన్ పి-700 ఆ తరగతివి. డబ్బు పుచ్చుకుని ఇచ్చిన బొమ్మ కొన్నవారింట్లో వెలవకూడదు కదా. ఏడాదికి రెండు మూడు బొమ్మలకే అంత నాణ్యం కావాలంటే మాత్రం, ఇంట్లో డై ప్రింటరు ఉంచుకుని ఆ రెండు మూడూ లాబులో పిగ్మెంటుతో తీయించుకోవడం తెలివైన పని.

ఇక కాగితం. కాగితాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో చూసి కొంటారు. మామూలు తెల్లకాగితం 70, 80 గ్రాములుంటుంది. దూదితో చేసిన చిత్రకళా కాగితాలు 300 గ్రాములదాకా ఉంటాయి. ఇంత దళసరి కాగితం కిందిఅరలోంచి వంకర తిరిగి రాలేదు. వెనకనుంచి తిన్నగా పెట్టే దారి ఉందా, ఎంత దళసరిది పడుతుంది అని కొనేముందే అడగండి. చాలామంది ఈ ప్రశ్న కొన్న తరవాత అడుగుతారు! మరొకటి. అచ్చువేసేటప్పుడు కంప్యూటరులో ఏ కాగితం పెట్టామో ఆ పేరే ఎంచుకోవాలి. మంచి కాగితం పెట్టి "మామూలు కాగితం" అని ఉంచేస్తే సిరా తప్పుగా పడి బొమ్మ చెడుతుంది.

పిండికొద్దీ రొట్టె అన్నారు. ఫోటో కూడా అంతే. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ-4 బొమ్మకు 2480కి 3508 చుక్కలు కావాలి. అంటే సుమారు ఎనభై ఏడు లక్షలు. ఈనాటి ఫోన్లు అంతకన్నా ఎక్కువే తీస్తాయి గాని, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపించుకోండి. మీ చిత్రాన్ని ఫోటో తీసేటప్పుడు ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాషు లేకుండా, సరిగ్గా ఎదురుగా నిలబడి తీయండి. తెరమీద వెలుగు ఎక్కువ పెట్టుకుని చూస్తే కాగితంమీద బొమ్మ నల్లబడినట్లు తోస్తుంది. అందుకని తెర వెలుగు తగ్గించి సరిచూసుకోండి.

దుకాణానికి ఒట్టిచేతులతో వెళ్లకండి. పెన్‌డ్రైవులో మీదే ఒక ముఖం ఫోటో, ఒక నలుపు తెలుపు ఫోటో తీసుకువెళ్లి, ఫోటో కాగితంమీద అచ్చువేసి చూపించమనండి. బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. మూడు ప్రశ్నలు అడగండి. సిరా మన ఊళ్లో దొరుకుతుందా? హెడ్డు పాడయితే మనమే మార్చుకోవచ్చా, మెకానిక్కు రావాలా? శుభ్రం చేసినప్పుడు పారబోసే సిరా చేరే పెట్టెను మనం మార్చుకోగలమా? అమ్మేవాడు "అవన్నీ మీకెందుకమ్మా, సారుగార్ని తీసుకురండి" అంటే మరో దుకాణానికి వెళ్లండి.

ఇంటికి తెచ్చుకున్నాక వారానికో, పదిహేను రోజులకో ఒక చిన్న రంగుల బొమ్మ తప్పకుండా తీయండి. శుక్రవారం పూజలా ఒక రోజు పెట్టుకుంటే మరిచిపోరు. గోడమీది స్విచ్చి తీసేయకుండా ప్రింటరుకున్న బటనే నొక్కి ఆపండి. అప్పుడే అది తన హెడ్డుకు మూత పెట్టుకుంటుంది. పంకా గాలీ, కిటికీ ఎండా తగలని చోట గుడ్డ కప్పి ఉంచండి. తీసిన బొమ్మను ఒక రోజంతా ఆరనిచ్చి, అద్దానికి అంటుకోకుండా మధ్య అట్ట పెట్టించి ఫ్రేము కట్టించండి. ఎండపడే గోడకు మాత్రం తగిలించకండి. డై సిరా బొమ్మ కూడా అద్దం వెనక, నీడపట్టున ఎక్కువ కాలం మన్నుతుంది.

చివరిగా ఒక్క మాట. ఎంత మంచి అచ్చు తీసినా అసలు ఫోటోను పారేయకండి. దాన్ని చీకటిగా, పొడిగా ఉండేచోట దాచండి. స్కాను చేసిన ప్రతిని రెండుచోట్ల భద్రపరచండి. ప్రింటరు అయిదారేళ్లకు పాతబడుతుంది, మరొకటి కొనుక్కోవచ్చు. ఆ ముఖం మాత్రం మళ్లీ దొరకదు.