స్విట్జర్లండులో నాలుగు మినారులు

స్విట్జర్లండు ప్రజలకు అరుదైన హక్కు ఒకటి కలదు. లక్షమంది పౌరులు పదునెనిమిది మాసములలో చేవ్రాలు చేసినయెడల, రాజ్యాంగమును సవరింపవలెనా యని దేశమంతటను ఓటు జరుగవలసినదే. ఈ హక్కు పరదేశీయుల విషయమున ఎట్లు వినియోగపడినదో విచారింతము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అచట ఆనకట్టలకును, సొరంగములకును, కర్మాగారములకును పనివారు చాలకపోయిరి. ఇటలీ నుండి లక్షలకొలది కూలీలు వచ్చిరి. ఏటికి కొన్ని నెలలు పనిచేసి పోవలసినవారికి భార్యాబిడ్డలను తెచ్చుకొను అనుమతి లేదు. కొందరు బిడ్డలను గదులలో దాచి పెంచిరి. 1970 జూన్ 7వ తేదీన, జెనీవా తప్ప తక్కిన ప్రతి రాష్ట్రమునందును పరదేశీయులు నూటికి పదిమందిని మించరాదను ప్రతిపాదన ఓటునకు వచ్చి, నూటికి 54 మంది కాదనుటచే వీగిపోయెను. నేడు ఆ ఇటాలియనుల సంతతి అచట ఇరుగుపొరుగువారే.

పిమ్మట టర్కీ, యుగోస్లావియాల నుండి పనివారును, శరణార్థులును వచ్చిరి. వీరిలో ముస్లిములు పలువురు. భయము వీరిమీదికి మరలెను. 2009 నాటికి దేశమంతటను మినారులు నాలుగే. వానినుండి ప్రార్థనకు పిలుపైనను వినబడదు. ఐనను ఆ యేటి నవంబరు 29వ తేదీన, ఇకమీదట మినారులు కట్టరాదను ప్రతిపాదనను నూటికి 57 మందికి పైగా ఆమోదించిరి. ప్రభుత్వమును, పార్లమెంటును వలదని చెప్పినవి. ముందు జరిగిన అభిప్రాయసేకరణలు అది వీగిపోవునని సూచించినవి. నోట చెప్పనిది చీటిమీద కనబడెను.

ఆమోదించినవారి వాదమును గూడ చెప్పుట న్యాయము. ప్రార్థనను తాము అడ్డుట లేదనియు, మినారు మతావసరము కాక అధికారచిహ్నమనియు వారనిరి. మసీదులు నేటికిని ఉన్నమాట నిజమే. కాని చర్చి గోపురమునకు లేని నిషేధము ఒక్క మతమువారి కట్టడమునకే ఏల? పౌరసత్వము లేని ముస్లిములకు ఆనాడు ఓటైనను లేదు.

26 రాష్ట్రములలో కాదన్నవి నాలుగే. మినారు ఉన్న జెనీవా వానిలో నొకటి. రెండు మినారులున్న జ్యూరిచ్ స్వల్పాధిక్యతతో మాత్రమే ఔననెను. కొండల నడుమ నున్న, మినారే లేని అప్పెంజెల్ ఇన్నర్‌రోడన్‌లో నూటికి 71 మంది ఔననిరి. చీకటిలో త్రాడు పామై తోచుట యిదియే.

అధికసంఖ్యాకుల ఓటు ప్రజాప్రభుత్వమునకు ప్రాణము. ఐనను తనకు ఏ నష్టమును లేని ఓటు పొరుగువాని కేమి నష్టము చేయునో ఓటరు ఆలోచింపవలెను. ఇటాలియనుల విషయమున కాలము మెల్లగా చేసిన పనిని పరిచయము త్వరగా చేయగలదు.