నడి సంవత్సరపు పద్దులు – మన పంతులుగారి జీతము

(తొండియార్‌పేటలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వ శాఖల ఖర్చుల మితులను సంవత్సరము నడుమ సవరించు విధానమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఈ మాటలు వినుటకు ఎవరు వత్తురని నేను సందేహించితిని. హరికథ యని ప్రకటించి యుండినచో ఈ హాలు చాలక పోయెడిది. అయినను ఇందరు వచ్చినారు. మన పిల్లలకు తెలుగు చెప్పు పంతులుగారి జీతము నిలుచుటయు పోవుటయు పెక్కుసార్లు ఈ సవరణలలోనే జరుగుచున్నది గనుక, మీరు వచ్చుట వ్యర్థము కాదని నా నమ్మకము.

మన తాతలు కొట్టు లెక్కలు తామే వ్రాసికొనిరి. చిట్టా యననేమో, ఆవర్జా యననేమో మన యిండ్లలో చెప్పనక్కరలేదు. ప్రభుత్వపు లెక్కయు ఆవర్జా వంటిదే. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క పద్దు కలదు. తమిళనాడు బడ్జెట్టులో పాఠశాల విద్యాశాఖ పద్దు సంఖ్య 43. రాజ్యాంగములోని 203, 204 అధికరణముల ప్రకారము శాసనసభ ఆ పద్దును ఆమోదించి, దానిపై వినియోగ చట్టమును చేయును. ఏప్రిల్ 1 మొదలు మార్చి 31 వరకు ఆ శాఖకు అదియే గిరి. ఆ గిరి దాటి ఒక్క రూపాయి ఖర్చు చేసినను తరువాత శాసనసభకు సంజాయిషీ చెప్పుకొనవలసినదే.

కాని పండ్రెండు నెలలలో ఏమి వచ్చునో మార్చిలోనే ఎవరు చెప్పగలరు? తుఫాను వచ్చును, కరువుభత్యము పెరుగును, క్రొత్త పథకము పుట్టును. ఇందుకొరకే 205వ అధికరణము అనుబంధ గ్రాంటును కల్పించినది. శాఖవారు ఆర్థికశాఖ ద్వారా మరల సభ ముందుకు వచ్చి, ఇంత చాలలేదు, ఇంత కావలెనని అడుగుదురు. సభ సమావేశమగు వరకు ఆగరానిచో ఆగంతుక నిధి నుండి తాత్కాలికముగా తీసికొని, పిదప సభ ఆమోదముతో దానిని పూరింతురు. ఇది అందరు ఎరిగిన ద్వారము. పత్రికలలో వచ్చునదియు ఇదియే.

పత్రికలకెక్కని మార్గము మరియొకటి కలదు. ఒకే పద్దులోపల ఒక శీర్షిక క్రింద మిగులు కనబడినచో దానిని మరియొక శీర్షికకు మార్చుట. కార్యాలయ భాషలో దీనిని రీ-అప్రోప్రియేషన్ అందురు. ఒక పద్దు నుండి వేరొక పద్దునకు మార్చరాదు; సభ ఎన్నడును ఎరుగని క్రొత్త పనికిని మార్చరాదు. ఈ హద్దులలోపల మాత్రము సభకు పోనక్కరలేదు. అధికారము గల అధికారి సంతకము చాలును. మిగిలినది దేనికిని అక్కరకు రానిచో మార్చి 31 లోపల ఆర్థికశాఖకు తిరిగి అప్పగింతురు. అది సరెండర్. నేటి నా మాట అంతయు ఈ ‘మిగులు’ను గూర్చియే.

మన కుటుంబముల చరిత్రలో నడి సంవత్సరపు సవరణలలోకెల్ల పెద్దది 1953లో జరిగినది. ఆ సంవత్సరపు బడ్జెట్టును ఉమ్మడి మద్రాసు రాష్ట్రము కొరకు రాజాజీ ప్రభుత్వమున ఆర్థికమంత్రిగా నుండిన సి. సుబ్రహ్మణ్యంగారి శాఖ సిద్ధపరచినది. అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆర్థిక సంవత్సరము సరిగా సగము గడచిన దినమది! సంవత్సరమంతటికిని వేసిన లెక్కను నడుమ ఖండించి, ఏ ఉద్యోగి ఎటు, ఏ ఖర్చు ఎటు అని పంచవలసి వచ్చినది. కర్నూలునకు పోయినవారు పోయిరి. మనము ఇచ్చటనే నిలిచితిమి. నాటి నుండి మన లెక్క ఒక పెద్ద పద్దులో చిన్న శీర్షికయై పోయినది. ఇది నిష్ఠురముగా చెప్పుట లేదు, ఉన్న స్థితిని చెప్పుచున్నాను.

శీర్షిక యెంత బలమైనదో తెలియుటకు మన పొరుగువారి కథయే చాలును. పిట్టి త్యాగరాయ శెట్టిగారు మనవారు, తెలుగు దేవాంగ కుటుంబమువారు. పాత చాకలిపేటలో వారి పేరిట కళాశాల నేటికిని నిలిచియున్నది. వారు మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా నుండగా, 1920 సెప్టెంబరులో, థౌజండ్ లైట్స్ ప్రాంతములోని కార్పొరేషను పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టుటకు తీర్మానమైనది. పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదని నియమము. పథకము మరికొన్ని పాఠశాలలకును వ్యాపించినది. పిల్లలు వచ్చిరి. అంతలో ప్రభుత్వమువారు, ఈ ఖర్చు ప్రాథమిక విద్యానిధి నుండి చేయరాదనిరి. అన్నము చెడ్డదనలేదు, పిల్లలకు ఆకలి లేదనలేదు, శీర్షిక కాదనిరి. 1925 ఏప్రిల్ 1 నుండి ఆ భోజనము నిలిచిపోయినది. ఆ నెల 28వ తేదీననే త్యాగరాయ శెట్టిగారు కాలధర్మము చెందిరి. తరువాత భోజనము మరల మొదలైనది. కామరాజుగారి కాలమున, 1956లో, రాష్ట్రమంతట వ్యాపించినది. కాని ఆ ఏప్రిల్ ఉదయమున పలక పట్టుకొని వచ్చిన పిల్లవానికి విద్యానిధి అననేమి, శీర్షిక అననేమి?

ఇక మన సంగతి. ఒక పాఠశాలలో రెండు తెలుగు ఉపాధ్యాయ పదవులు ఉన్నవనుకొనుడు. ఒకరు మే నెలలో విరమించిరి. లెక్కకు సులువుగా నెలకు 50,000 రూపాయలు జీతమనుకొన్నచో, జూన్ నుండి అక్టోబరు వరకు 2,50,000 రూపాయలు మిగులు. పంతులు లేడని మనము విచారించుచుండగా, కార్యాలయపు కాగితములో అది ‘పొదుపు’ అని పడుచున్నది! అక్టోబరు నుండి డిసెంబరు లోపల, ఈశాన్యపు వానలు పడు నెలలలో, శాఖలు సవరించిన అంచనాలను తయారు చేయును. గడచిన నెలలలో వాస్తవముగా ఎంత ఖర్చయినదో దానిని చూచియే సవరింతురు. ఆ రెండున్నర లక్షలు వేరొక శీర్షికకు పోవును, లేదా మార్చిలో సరెండర్ అగును. రాబోవు సంవత్సరపు అంచనాకు ఈ తగ్గిన అంకెయే పునాది. ఏ పదవిలో ఎవరున్నారో చూపు నంబర్ స్టేట్‌మెంటులో ఆ పదవి ఖాళీగానే కనబడును. ఇట్లు రెండు మూడేండ్లు గడచినచో, ఇన్నాళ్లు లేకున్నను జరిగినది గదా, ఇక నెందుకని అడుగువారు అడుగుదురు. ఎవరును తెలుగునకు ద్రోహము తలపెట్టనక్కరలేదు. అంకెలే ఆ పని చేయును.

పిల్లల సంఖ్య తగ్గినదను మాటయు నిజమే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము తమిళము ఒకటవ తరగతి నుండి ఏడాదికొక తరగతిగా తప్పనిసరి యగుచు 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. తమిళము మన పిల్లలు చదువవలసినదే. ఈ వీథులలో పుట్టి పెరిగినవారికి అది పరాయి భాష కాదు. అంతమాత్రమున తెలుగు చదువరాదని ఆ చట్టము చెప్పలేదు. మనమే పిల్లవానిని చేర్చునపుడు దరఖాస్తులో మాతృభాష యెదుట ఏమి వ్రాయవలెనో తెలియక ఆగుచున్నాము. కొందరు ఖాళీగా విడుచుచున్నారు. ఖాళీగా విడిచిన గడి ఏ లెక్కలోనికిని రాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలుగురము ఒక కార్యాలయమునకు విన్నపము తీసికొని పోయితిమి. మార్చి నెల రెండవ వారము. అచ్చటి అధికారి మర్యాదగా కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, విన్నపము పూర్తిగా చదివి, “అయ్యా, మీరు అడుగునది న్యాయమే. నాలుగు నెలల ముందు వచ్చియుండిన ఈ మొత్తము నా చేతిలో నుండెడిది. నేడు దానిని తిరిగి అప్పగించుచు సంతకము చేసితిని” అనిరి. ఆ సిరా ఇంకను ఆరలేదు కాబోలు. మాకు కోపము వచ్చినది. కాని ఎవరిపై? మేము సంక్రాంతి కానిమ్మని, వివాహములు కానిమ్మని వాయిదా వేసికొంటిమి. ఆ తప్పు మాది.

కావున నేను కోరునది పెద్దది కాదు. పాఠశాలలలో ఉపాధ్యాయ పదవుల నిర్ణయమునకు ఆగష్టు 1వ తేదీనాటి విద్యార్థుల సంఖ్యయే ఆధారము. ఆ తేదీకి ముందే మన పిల్లల పేర్లు తెలుగు తరగతి పట్టికలో ఎక్కవలెను. అక్టోబరునకు ముందే, ఏ పాఠశాలలో ఏ పదవి ఏ తేదీ నుండి ఖాళీగా నున్నదో వ్రాసి, ఆ మొత్తమును సరెండర్ చేయక ఖాళీని పూరింపుడని విన్నపము పోవలెను. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. దానిని విన్నపము మొదట ఒక్క వాక్యములో పేర్కొన్న చాలును. మిగిలినదంతయు అంకెలుగా నుండవలెను. మన విన్నపములలో నన్నయ మొదలు నేటి కవుల వరకు అందరి పేర్లును ఉండును, పిల్లల సంఖ్య మాత్రము ఉండదు!

సంఘమువారు ఒక కాగితమును అచ్చు వేయించినారు. పిల్లవాని పేరు, తరగతి, పాఠశాల, తెలుగు చెప్పువారు ఉన్నారా లేరా, లేనిచో ఎన్నటి నుండి – ఇంతియే. గుమ్మము వద్ద బల్లపై నున్నవి. పోవునపుడు ఇంటికొకటి తీసికొని, వచ్చు ఆదివారము లోపల నింపి కార్యదర్శిగారికి అందజేయుడు. పొరుగింటివారు నేడు రాలేదేని వారి కొరకు కూడ ఒకటి తీసికొనిపొండు.